థియోడోర్ బిల్‌రోత్

థియోడోర్ బిల్‌రోత్ (ఏప్రిల్ 26, 1829 - ఫిబ్రవరి 6, 1894) ప్రముఖ శస్త్రచికిత్సా నిపుణుడు, ఆచార్యుడు. ఆధునిక ఉదర శస్త్రచికిత్సకు ఆద్యునిగా ప్రసిద్ధి చెందాడు. అన్నవాహిక, స్వరపేటిక, జీర్ణాశయాల క్యాన్సర్ శస్త్రచికిత్సలకు ఈయన బాట వేశాడు.

బాల్యం, విద్యాభ్యాసం

బిల్‌రోత్ ప్రష్యాలోని ర్యూగెన్ ద్వీపంలో ఒక మతగురువు కుటుంబంలో జన్మించాడు. ఐదేళ్ళ వయసులోనే తండ్రి క్షయవ్యాధితో మరణించాడు. సంగీతంపై మక్కువ ఉన్నా వైద్యవిద్య అభ్యసించి, 1852లో బెర్లిన్‌లో పట్టా పొందాడు. 1860లో జ్యూరిచ్‌లోను, 1867లో వియన్నాలోను ఆచార్య పదవి చేపట్టాడు.

గాయజ్వరంపై పరిశోధన

ఆ కాలంలో శస్త్రచికిత్స సవ్యంగా జరిగినా, తరువాత వచ్చే జ్వరంతో ఎందరో మరణించేవారు. బిల్‌రోత్ రోగుల ఉష్ణోగ్రతను క్రమం తప్పక కొలిచి, గాయజ్వరంపై తన పరిశీలనలను 1862లో ప్రచురించాడు. జ్యూరిచ్‌లో తాను చేసిన చికిత్సల ఫలితాలను మరణాలతో సహా వెల్లడించాడు. వైఫల్యాలను దాచే అలవాటు ఉన్న రోజులలో ఇది సాహసమే.

ముఖ్య శస్త్రచికిత్సలు

1871లో కుక్కలలో అన్నవాహిక భాగాన్ని తొలగించి, అవి తిరిగి ఆహారం మ్రింగగలవని నిరూపించాడు. ఈ ఆధారంతో శిష్యుడు విన్సెంజ్ చెర్నీ 1877లో ఒక రోగి మెడభాగంలోని అన్నవాహిక క్యాన్సర్‌ను తొలగించాడు. బిల్‌రోత్ 1873లో క్యాన్సర్ సోకిన స్వరపేటికను పూర్తిగా తొలగించాడు. 1881 జనవరి 29న ఒక మహిళ జీర్ణాశయంలోని క్యాన్సర్ భాగాన్ని తీసివేసి, మిగిలిన భాగాన్ని ఆంత్రమూలానికి కలిపాడు. ఆమె కోలుకున్నది గాని, వ్యాధి వ్యాపించి సుమారు నాలుగు నెలలకు మరణించింది. శస్త్రచికిత్స విజయం వేరు, రోగి ఆయుర్దాయం వేరు అని ఈ ఉదంతం తెలుపుతుంది.

నేటి ప్రాధాన్యం

బిల్‌రోత్ ఉష్ణమాపకంలో వెదకిన ముందస్తు సూచనను నేటి వైద్యులు రక్తంలోని ప్రోటీన్లలో కూడా వెదకుతున్నారు. 1930లో టిలెట్, ఫ్రాన్సిస్ కనుగొన్న సి-రియాక్టివ్ ప్రోటీన్ వీటిలో ముఖ్యమైనది. అన్నవాహిక శస్త్రచికిత్స తరువాత రెండు మూడు రోజులు దీని స్థాయి పెరిగి, పిమ్మట తగ్గుతుంది. తగ్గకపోతే అతుకు వద్ద లీకు గాని, ఇన్ఫెక్షన్ గాని ఉన్నదేమోనని స్కానింగ్ వంటి పరీక్షలు చేస్తారు. శస్త్రచికిత్సకు ముందే ఈ ప్రోటీన్ ఎక్కువగాను, ఆల్బుమిన్ తక్కువగాను ఉన్న రోగులలో దీర్ఘకాలిక ఫలితాలు అంత ఆశాజనకంగా ఉండవని పరిశోధనలు సూచించాయి. అయితే ఏ ఒక్క ప్రోటీనూ రోగి భవితవ్యాన్ని నిశ్చయంగా చెప్పలేదు.

మరణం

బిల్‌రోత్ 1894లో అబ్బాజియాలో (ఇప్పటి క్రొయేషియాలోని ఒపాతియా) మరణించాడు. సంగీతకర్త బ్రామ్స్ ఈయనకు ఆప్తమిత్రుడు. జీర్ణాశయ శస్త్రచికిత్సలోని రెండు పద్ధతులు నేటికీ బిల్‌రోత్ పేరుతోనే వ్యవహరింపబడుతున్నాయి.