చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడు

పలనాటి యుద్ధం అనగానే కోడిపందెం, నాగమ్మ, బాలచంద్రుడు గుర్తుకొస్తారు. యుద్ధానికి ముందు మాచర్లలో జరిగిన పనిని పైపైన చెప్పి వదిలేస్తారు. కూలినాలి జనానికి కావలసింది ఆ పనే.

బ్రహ్మనాయుడు 12వ శతాబ్దం మనిషి. వెలమ దొర, గురజాల నలగామరాజుకి మంత్రి. ఆయన బతుకు మనకి తెలిసేది ఎక్కువగా వీరగాథ వల్లనే. వీరవిద్యావంతులు తరతరాలుగా పాడి దాన్ని నిలబెట్టారు. 1911లో అక్కిరాజు ఉమాకాంతం అచ్చువేయించారు. కనుక కథ చెప్పినట్టే చెబుతున్నాను.

గురజాల కొలువులో నాగమ్మ మాట చెల్లుబాటయ్యాక, నలగాముడి సవతి తమ్ముడు మలిదేవుడి పక్షాన బ్రహ్మనాయుడు మాచర్ల చేరాడు. గురజాలతో ఎప్పటికైనా పోరు తప్పదు. కత్తి సాగగొట్టేది కమ్మరి, చెప్పు కుట్టేది మాదిగ, గింజ పండించేది కూలివాడు. వీళ్ళని వాకిట్లో నిలబెట్టి, రేపు మా కోసం చావండంటే ఎవడొస్తాడు?

ఆయన చాపకూడు పెట్టాడు. చాపలు పరిచి, అన్ని కులాలవాళ్ళనీ ఒకే బంతిన కూచోబెట్టి, ఒకే వంట వడ్డించడం. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి మాట ఇది! మన ఊళ్ళల్లో హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి నిన్నమొన్నటిదే కదా. అక్కడితో ఆగలేదు. మాల కులంలో పుట్టిన కన్నమదాసుని సేనానిని చేశాడు. మాచర్ల చెన్నకేశవుని గుడిలోకి అంటరానివాళ్ళని పిలిచింది ఆయనే అంటారు. కులం చెడగొట్టాడని గిట్టనివాళ్ళు ఆడిపోసుకున్నారు.

దాని ఫలం కష్టంలో కనబడింది. కోడిపందెంలో ఓడి ఏడేళ్ళు రాజ్యం విడిచినప్పుడు జనం మందలతో సహా వెంట నడిచారు. గడువు తీరాక రాయబారం వెళ్ళిన అలరాజుని చర్లగుడిపాడులో విషం పెట్టి చంపారు. ఇక కారెంపూడిలో యుద్ధం. బాలచంద్రుడి పక్కన చాకలి, మంగలి, కుమ్మరి బిడ్డలు అన్నదమ్ముల్లా నిలబడ్డారు.

ఒకటి మాత్రం దాచకూడదు. నేను విన్న కథలో కూడు పంచిన ముచ్చట ఉంది గాని భూమి పంచిన ముచ్చట లేదు. తగువు అన్నదమ్ముల గద్దె కోసం. చచ్చింది అన్ని కులాల బిడ్డలూ. అంతా అయ్యాక బ్రహ్మనాయుడు ఆ గద్దె మీద మళ్ళీ నలగాముడినే కూచోబెట్టి, గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడంటారు.

ఏటా కార్తీకంలో కారెంపూడి వీరుల తిరునాళ్ళు అయిదు రోజులు జరుగుతాయి. మందపోరు నాడు నాగులేరు ఒడ్డున ఇప్పటికీ చాపకూడు వడ్డిస్తారు.