కోడి రామ్మూర్తి కథ మా అమ్మాయికి ఎందుకు చెప్పానంటే

పోయిన సంక్రాంతికి మా అమ్మాయి పలాస స్టేషన్‌లో రైలు దిగింది. భుజాన రాకెట్ల సంచి, మోచేతికి పట్టీ. ఆడిన టోర్నమెంటులో మొదటి రౌండులోనే ఓడిపోయి వచ్చింది. ఆటో మా ఊరు చేరేదాకా నోరు విప్పలేదు.

మాది ఉద్దానం. కొబ్బరి, జీడి తోట మీదే బతుకు. విశాఖలో మా తమ్ముడింట్లో ఉంచి దానికి టెన్నిస్ నేర్పించింది ఆ తోట డబ్బులతోనే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి తోటలో సగం చెట్లని పడగొట్టేసింది. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుందని ఉద్దానం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

అది ఆడేవి టీవీలో చూపించే పెద్ద పోటీలు కావు. అంతర్జాతీయ పోటీల్లో అన్నిటికన్నా కింది మెట్టువి. మొత్తం బహుమతే 15 వేల డాలర్లు, అది అందరికీ పంచాలి. క్వాలిఫయింగ్‌లోనే ఓడితే అదీ లేదు. రైలు ఛార్జీ, బస, రాకెట్‌కి కొత్త తీగలు అన్నీ మన జేబులోంచే. పెళ్లీడు పిల్లకి ఇదేం పిచ్చని టెక్కలిలో మా ఆడపడుచు నా మొహం మీదే అడిగేసింది. జవాబు చెప్పలేకపోయాను.

ఆ రాత్రి నాకు కోడి రామ్మూర్తి నాయుడు గారు గుర్తొచ్చారు. మా వైపు ఏ కుర్రాడైనా బియ్యం బస్తా ఎత్తబోతే, తనో కోడి రామ్మూర్తి అనుకుంటున్నాడని పెద్దవాళ్లు నవ్వుతారు. మా మామగారు ఆయన గుండె మీద ఏనుగు నిలబడ్డ కథ ఎన్నిసార్లు చెప్పారో! ఏనుగు దిగాక ఏమైందో మాత్రం చెప్పేవారు కాదు. అది నేను తర్వాత చదివి తెలుసుకున్నాను.

ఆయన పుట్టింది వీరఘట్టంలో, 1880ల మొదట్లో. శ్రీకాకుళం జిల్లాలో ఉండే ఆ ఊరు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. తల్లి చిన్నప్పుడే పోతే, తండ్రి ఆయన్ని విజయనగరంలో పినతండ్రి నారాయణస్వామి గారింట్లో ఉంచారు. తల్లి లేని పిల్లాడికి చదువు కన్నా కుస్తీ, కసరత్తు మీదే మనసు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, విజయనగరంలోనే బడిలో డ్రిల్లు మాస్టారయ్యారు. నెల తిరిగేసరికి జీతం వచ్చే ఉద్యోగం. అది వదిలేసి, పొట్టి పంతులు అనే ఆయన సాయంతో సర్కస్ పెట్టారు. అప్పుడు ఇంట్లోవాళ్లు ఏమనుకుని ఉంటారో నేను ఊహించుకోగలను!

ఊపిరి వదిలినప్పుడు ఛాతీకి ఇనప గొలుసు బిగించి కట్టేవారు. ఆయన గుండె నిండా గాలి పీల్చి గొలుసు తెంపేవారు. రెండు కార్లకి తాళ్లు కట్టి చెరో వైపు నడిపిస్తే కదలనిచ్చేవారు కాదు. పడుకుని గుండె మీద ఏనుగుని మోసేవారు. ఇంతా చేసి ఆయన శాకాహారి అంటారు. కలియుగ భీముడని, ఇండియన్ హెర్క్యులస్ అని పేరొచ్చింది. లండన్‌లో రాజదంపతుల ముందు కూడా ప్రదర్శన ఇచ్చారని చెప్పుకుంటారు.

మరి పేరుతో పొట్ట నిండదు కదా. సర్కస్ అంటే ఒక్క మనిషి కాదు. కళాకారులకి జీతాలు, జంతువులకి మేత, డేరా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మోయించే ఖర్చు. వానొచ్చి ఆట ఆగిందంటే ఆ రోజు టిక్కెట్టు డబ్బులు రావు గానీ ఏనుగుకి ఆకలి మాత్రం ఆగదు. సంపాదించినదాంట్లో ఆయన చాలా వరకు దానధర్మాలకే ఇచ్చేశారని అంటారు. ఇంతటి సంసారమూ నిలబడింది ఆ ఒక్క ఒంటి మీద.

ఆ ఒళ్లే చివరికి మొరాయించింది. కాలి మీద పుండు లేచి, ముదిరి, కాలు తీసేయాల్సి వచ్చింది. కార్లని కదలనివ్వని మనిషి ఒంటికాలి మీద మిగిలారు. ఆఖరి రోజులు పుట్టిన ఊరికి దూరంగా, ఒరిస్సాలోని బలంగీర్‌లో రాజుగారి ఆదరణలో గడిచాయి. 1942 జనవరిలో అక్కడే కన్నుమూశారు. ఇప్పుడు శ్రీకాకుళంలో స్టేడియం ఆయన పేరు మీదే ఉంది. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది.

ఇదంతా మర్నాడు వంటింట్లో మా అమ్మాయికి చెప్పాను. ఆట మానెయ్యమంటున్నానేమో అనుకుని దాని కళ్లు నీళ్లయ్యాయి. నేనన్నది అది కాదు. ఆయన బడి ఉద్యోగం వదలకపోతే మనం ఇవాళ ఆయన పేరు తలుచుకునేవాళ్లమే కాదు. అయితే ఒంటితో చేసే సంపాదనకి గడువుంటుంది. ఆ గడువు మనకి చెప్పి రాదు. ఆయన సైదాపేటలో నేర్చుకున్నదే ఇదీ నేర్చుకోవాలన్నాను. ఇంకో రెండేళ్లు ఆడమన్నాను. ఆ రెండేళ్లలోనే ఆగిపోయిన డిగ్రీ పూర్తిచేసి, వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణకి పరీక్ష రాయాలన్నాను. ప్రతి టోర్నమెంటుకీ ఎంత పోయిందో, ఎంత వచ్చిందో ఒక పుస్తకంలో రాసి నాకు చూపించాలి. ఒప్పుకుంది.

మా ఆడపడుచుకి నచ్చలేదనుకోండి. రెండేళ్లకి పెళ్లి సంబంధాలు ఎవరు తెస్తారని అడుగుతోంది. దానికీ నా దగ్గర జవాబు లేదు. కానీ తెల్లారేసరికి జీడిపిక్కలు ఆరబెట్టే కళ్లం దగ్గర గోడకి బంతి కొడుతున్న చప్పుడు వినిపించింది. లేచి టీ పెట్టాను.