పాలవెల్లి సవ్వడిని ఆలకించిన కార్ల్ జాన్‌స్కీ

మబ్బు పట్టిన సాయంకాలమున మన హాలియాలో పాత రేడియోను త్రిప్పినచో, దూరమున మెఱుపు మెఱసినపుడెల్ల చిటపట ధ్వని వినవచ్చును. అట్టి చిటపటలను శ్రద్ధతో విని, ఆకాశపు లోతులకు క్రొత్త ద్వారమును తెఱచిన కార్ల్ జాన్‌స్కీగారి చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆయన 1905 అక్టోబరు 22వ తేదీన అమెరికాలోని నార్మన్ పట్టణమున జన్మించెను. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము నభ్యసించి, 1928లో బెల్ టెలిఫోను పరిశోధనాలయమున ఉద్యోగమునకు చేరెను. మూత్రపిండముల వ్యాధి అప్పటికే ఆయనను పట్టియుండెను.

ఆ దినములలో అట్లాంటిక్ మహాసముద్రము మీదుగా రేడియోమూలమున సంభాషించువారికి ఏదో రొద అడ్డు వచ్చుచుండెను. అది యెచ్చటినుండి వచ్చునో కనిపెట్టుట జాన్‌స్కీకి అప్పగింపబడిన పని. ఆయన న్యూజర్సీలోని హోమ్‌డెల్ వద్ద సుమారు 100 అడుగుల ఏరియలును నిర్మించి, ఫోర్డు కారు చక్రములపై నిలిపి, 20 నిమిషముల కొకసారి చుట్టి వచ్చునట్లు చేసెను. దానికి రంగులరాట్నమను పరిహాసనామము కలిగెను.

దగ్గఱి యుఱుములవలనను, దూరపు టుఱుములవలనను కలుగు రొదలను వేఱుపఱచిన పిమ్మట, సన్నని బుసవంటి మూడవ ధ్వని యొకటి మిగిలెను. అది సూర్యునినుండి వచ్చుచున్నదని ఆయన మొదట తలచెను. కాని నెలలు గడచిన కొలది, అది దినమునకు 4 నిమిషముల చొప్పున ముందుగా వచ్చుచుండెను! విద్యార్థు లిచ్చట కొంచెము నిలిచి ఆలోచింపవలెను. సూర్యుడు 24 గంటల కొకసారి నడినెత్తికి వచ్చును. నక్షత్రములో, 23 గంటల 56 నిమిషములకే వచ్చును. కావున ఆ ధ్వని నక్షత్రలోకమునకు చెందినది. అది పాలవెల్లినుండి, ముఖ్యముగా ధనూరాశి దిక్కునుండి వచ్చుచున్నదని 1933లో ఆయన ప్రకటింపగా, మే 5వ తేదీన న్యూయార్క్ టైమ్స్ పత్రిక మొదటి పుటలోనే ఆ వార్త వెలువడెను.

అటుపిమ్మట ఆయనకు వేఱు పనులు చెప్పబడెను. రొదకు మూలము తెలిసినది. పాలవెల్లి నోరు మూయుట ఎవరి తరము? టెలిఫోను వ్యాపారమున కంతటితో సరి. జ్యోతిశ్శాస్త్రజ్ఞులు సైతము పెక్కుమంది దీనిని పట్టించుకొనకపోవుటయే మాకు వింతగా తోచుచున్నది. 1937లో గ్రోట్ రీబర్ అను ఇంజనీరు తన సొంత ఖర్చుతో పళ్లెమువంటి ఏరియలును కట్టి ఆ పనిని కొనసాగించెను. జాన్‌స్కీ 1950 ఫిబ్రవరి 14వ తేదీన, 44 ఏండ్ల ప్రాయముననే, మరణించెను.

తొమ్మిదేండ్ల పిదప, 1959లో, కోమా అను గెలాక్సీల గుంపునుండి విశాలముగా వ్యాపించిన రేడియో తరంగములు కనుగొనబడెను. అచ్చట పాలవెల్లివంటి గెలాక్సీలు వేయికి మించియున్నవి. అచ్చటి వెలుగు మనలను చేరుటకు 30 కోట్ల సంవత్సరములకు పైగా పట్టును. ఆ తరంగములు ఏ యొక్క గెలాక్సీకిని చెందక, వాని నడుమ పొగమంచువలె పఱచుకొనియున్నవి. రెండు గుంపులు ఢీకొని కలియునపుడు వాని నడుమనున్న వేడివాయువు సుడులు తిరుగును. ఆ కల్లోలము ఎలక్ట్రానులను మరల మరల త్రోసి, దాదాపు కాంతివేగమున పరుగెత్తించును. అవి అయస్కాంతక్షేత్రములలో మెలికలు తిరుగుచు రేడియో తరంగములను వెదజల్లును. జాన్‌స్కీ వినిన పాలవెల్లి బుసయు అట్టి ఎలక్ట్రానులవలన పుట్టినదే.

పూనా చేరువనున్న ఖోడద్ గ్రామమున (మన కోదాడ కాదు సుమా!) ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పుగల 30 పళ్లెముల రేడియో దూరదర్శిని కలదు. దానితో మన దేశమువారును, పరదేశీయులును ఇట్టి గుంపుల ననేకము పరిశోధించియున్నారు. ఆకాశమునుండి వచ్చు రేడియో తరంగముల బలమును కొలుచు ప్రమాణమునకు 1973లో జాన్‌స్కీ యను పేరే పెట్టబడినది. గెలాక్సీల నడుమ వ్యాపించిన ఈ తరంగములు మిక్కిలి మందమైనవి గనుక, తఱచుగా జాన్‌స్కీలో వేయవ వంతులతో లెక్కింపబడుచున్నవి.