తెల్లగడ్డం సత్యాగ్రహి అబ్బాస్ త్యాబ్జీ

పించను పుచ్చుకున్నాక మనిషికి ఇంకేం పని ఉంటుందని మన సంఘంలోని పెద్దలు అప్పుడప్పుడు అంటూ ఉంటారు. నమాజు, మనుమలు, సాయంత్రం వేళ అరుగు మీద నాలుగు కబుర్లు. అవీ మంచివే, కాదనం. కానీ ఒక జడ్జీగారి అసలు జీవితం పించను తరువాతే మొదలైంది. ఆయన పేరు అబ్బాస్ త్యాబ్జీ.

ఆయన 1854లో బరోడా సంస్థానంలో సులేమానీ బోహ్రా కుటుంబంలో జన్మించారు. 1887లో మద్రాసు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన బద్రుద్దీన్ త్యాబ్జీ గారు ఈయనకు పినతండ్రి వరుస. చిన్నతనంలోనే ఇంగ్లండు వెళ్లి పదకొండేళ్లు అక్కడే చదువుకున్నారు. తిరిగి వచ్చి బరోడా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి దాకా ఎదిగారు. సూటూ బూటూ, దొరల స్నేహం, ఇంటినిండా నౌకర్లు. ఇంగ్లీషు ప్రభుత్వాన్ని ఎవరైనా ఒక మాటంటే ఆయన సహించేవారు కాదట. పక్షుల శాస్త్రవేత్తగా పేరుపొందిన సలీం అలీ గారు ఈ కుటుంబానికి బంధువే. ఆయనే ఈ సంగతి రాశారు.

1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిగాయి. కాంగ్రెసు వేసిన విచారణ సంఘంలో గాంధీగారితోపాటు అబ్బాస్ సాహెబ్ కూడా సభ్యులు. అప్పటికాయనకు అరవై అయిదేళ్లు. పంజాబులో కళ్లారా చూసినవాళ్ల సాక్ష్యాలు వందల సంఖ్యలో విన్నారు. జీవితమంతా కోర్టులో సాక్ష్యాలు తూచిన మనిషి కదా, విన్నది అబద్ధమని తోసిపుచ్చలేకపోయారు. నలభై ఏళ్లకు పైగా ఉన్న నమ్మకం ఆ కొద్ది నెలల్లో పోయింది. మా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే, జైలుకు పోవడం కాదు. ఆ వయసులో అభిప్రాయం మార్చుకున్నానని నలుగురిలో ఒప్పుకునేవారు ఎందరుంటారు చెప్పండి?

విదేశీ బట్టలు తగులబెట్టారు. ఖద్దరు కట్టారు. రైల్లో మూడో తరగతి ఎక్కారు. ఎడ్లబండి మీద గుజరాత్ పల్లెలు తిరిగి ఖద్దరు అమ్మారు. ఒకనాడు కోర్టులో ఎత్తయిన కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి రైతు గుమ్మం ముందు బట్ట మూట విప్పారన్నమాట! గాంధీగారు ఈయనకంటే పదిహేనేళ్లు చిన్న. అయినా చిన్నవాణ్ని నాయకుడిగా ఒప్పుకోవడానికి ఈయనకు నామోషీ అనిపించలేదు. ఇద్దరూ ఉత్తరాల్లో అర్థంలేని ఒక తమాషా కూతతో పలకరించుకునేవారు. చిన్నపిల్లల ఆటలాగా సాగేది ఆ స్నేహం.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మే నెల మొదట్లో ఒక రాత్రి పోలీసులు గాంధీగారిని పట్టుకుపోయారు. ధరాసన ఉప్పు కొఠార్ల మీదికి దండును నడిపే బాధ్యత అబ్బాస్ సాహెబ్ మీద పడింది. వయసు డెబ్బైయారు, మే నెల ఎండ, ముందు లాఠీలు. పొమ్మంటే ఎవరూ తప్పుపట్టరు, ఇంట్లో కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. ఆయన బయలుదేరారు. కస్తూరిబా గారు పక్కన నడవగా, గాలికి తెల్లగడ్డం ఊగుతుండగా, కుర్రవాళ్లతో సమంగా అడుగువేశారు. మే 12న, ధరాసన చేరకముందే, 58 మంది వాలంటీర్లతోపాటు అరెస్టు చేశారు. మూడు నెలలు శిక్ష. పూర్వం ఎందరికో శిక్షలు వేసిన న్యాయమూర్తి తానే ముద్దాయి అయి జైలుకు వెళ్లారు.

ఆయన తరువాత ఆ దండును నడిపింది మన హైదరాబాదులో పుట్టిపెరిగిన సరోజినీ నాయుడు గారు. మే 21న ధరాసనలో తలలు పగిలిన సంగతి లోకమంతా తెలుసుకుంది.

1936 జూన్‌లో ముస్సోరీలో అబ్బాస్ సాహెబ్ కన్నుమూశారు. అప్పటికి ఎనభైరెండేళ్లు. గాంధీగారు హరిజన్ పత్రికలో ఆయనను గుజరాత్‌కు పెద్దదిక్కుగా చెప్పి నివాళి రాశారు. కూతురు రైహానా గారు గాంధీగారి ప్రార్థనల్లో భజనలు పాడుతూ ఆ బంధాన్ని నిలబెట్టారు.