బిషప్ అజరయ్య లెక్కపెట్టిన నలుగురు శత్రువులు



వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలో ఒక పల్లె పాస్టరు ఇంట పుట్టారు. కొన్నేళ్లు వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా ఊరూరా తిరిగారు. 1903లో తిరునెల్వేలి విశ్వాసులతో కలిసి స్వదేశీ మిషనరీ సంఘాన్ని స్థాపించారు. ఆ సంఘం నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను తన సేవాక్షేత్రంగా ఎంచుకుంది. 1909లో గురువుగా అభిషేకం పొందిన అజరయ్య తానే డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్పు అయ్యారు.

ఆయన దగ్గరికి వచ్చినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ పేటల కూలి బతుకులవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు ఈ నాలుగూ వాళ్లను చంపే శత్రువులని అజరయ్య లెక్కపెట్టారు. నాలుగింటినీ కలిపి చూడటంలోనే ఆయన జ్ఞానం ఉంది. తాగినవాడు అప్పు చేస్తాడు. అప్పుల దిగులుతో మళ్లీ తాగుతాడు. ఇంట్లో రోగం వస్తే చేతిలో పైసా ఉండదు. అందుకే తాగుడు మానమని బోధించి ఆయన ఊరుకోలేదు. పల్లెల్లో ఉపాధ్యాయులను కుటుంబాలతో కాపురముంచి, బడులు నడిపించారు. బాప్తిస్మం పొందేవారు తమ తలమీద తామే చెయ్యి పెట్టుకుని సువార్త చెబుతామని ప్రమాణం చేసేవారు. ఊరు పనికిరాడన్న మనిషికి అలా ఒక పని దొరికింది. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించేనాటికి ఆ డయాసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు.

సుల్తానాబాద్ మొదలు ఆదిలాబాద్ వరకు ఉన్న సంఘాలు ఈ జీవితం ముందు నిలబడి ఒక ప్రశ్న వేసుకోవాలి. గంజాయికో, అల్ప్రాజోలం కలిపిన కల్లుకో బానిసైన యువకుడిని మందిరంలోకి పిలుస్తున్నామా, ఆ ఇంటి గురించి చాటుగా మాట్లాడుకుంటున్నామా? గీతవృత్తిని నిందించడం మన పని కాదు. కల్లులో మత్తుమందు కలిపే వ్యాపారం వేరు.

పోలీసు కేసు భయంతో తల్లిదండ్రులు బిడ్డను దాచిపెడతారు. అయితే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్, వాడకం లేదా కొద్దిపాటి మోతాదు కేసుల్లో తానే చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స పూర్తిచేయకపోతే ఆ రక్షణ పోవచ్చు. అల్ప్రాజోలం ఒక్కసారిగా మానితే మూర్ఛలు రావచ్చు. కాబట్టి ఉపవాస ప్రార్థనతో పాటు డాక్టరూ కావాలి. జాతీయ వ్యసన విముక్తి సహాయ నంబరు 14446ను ప్రతి మందిరం గోడమీద రాయించండి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఈ చికిత్సకు మంచాలు కావాలని మన ప్రతినిధులను అడగండి.

ఆసుపత్రి పని కొన్ని వారాలే. ఆ తర్వాతి సంవత్సరాలు మనవి. తిరిగొచ్చినవాడికి ఒక కూలిపని, సాయంత్రం కూర్చోవడానికి ఒక తోడు, ఆదివారం మందిరంలో చాపలు పరిచే బాధ్యత చూపించండి. పేటలో కాపురమున్న ఆనాటి ఉపాధ్యాయుడి పని ఇప్పుడు మన చేతుల్లో ఉంది.