ఆఘాత తరంగాల నడత తెలిపిన ఆచార్యుడు సతీశ్‌ ధావన్‌

కళింగపట్నం (శ్రీకాకుళం జిల్లా): వంశధార సాగరంలో కలిసే కళింగపట్నం తీరాన మరపడవ వేగం పుంజుకోగానే దాని ముక్కు వద్ద నీరు చీలి, కోణాకారపు అల బయలుదేరడం మత్స్యకారులు నిత్యం చూసేదే. ధ్వనిని మించి దూసుకుపోయే విమానం గాలిలోనూ అటువంటి అలనే పుట్టిస్తుంది. షాక్‌వేవ్‌గా పిలిచే ఆ ఆఘాత తరంగాన్ని శోధించిన తొలితరం భారతీయ శాస్త్రవేత్తల్లో ఆచార్య సతీశ్‌ ధావన్‌ ప్రముఖుడు.

1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో జన్మించిన ధావన్‌ లాహోర్‌లో గణిత, భౌతిక శాస్త్రాలతోపాటు ఆంగ్ల సాహిత్యం, మెకానికల్‌ ఇంజినీరింగ్‌ అభ్యసించారు. అనంతరం అమెరికా వెళ్లి, కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో హాన్స్‌ లీప్‌మన్‌ శిష్యుడిగా 1951లో డాక్టరేట్‌ పొందారు.

జెట్‌ ఇంజిన్‌ కంప్రెసర్‌కు గాలి ధ్వనికన్నా తక్కువ వేగంతో అందాలి. ముఖద్వారం వద్ద ఏర్పడే ఆఘాత తరంగాలే ఆ వేగాన్ని తగ్గిస్తాయి. అయితే తరంగం తాకినచోట గోడను అంటిపెట్టుకున్న పలుచని గాలిపొర విడిపోతే పీడనం నష్టపోతుంది, ప్రవాహం ఊగిసలాడుతుంది, ఇంజిన్‌ ఆగిపోయే ముప్పూ ఉంటుంది. లీప్‌మన్‌, అనతోల్‌ రోష్కోలతో కలిసి ధావన్‌ ఈ తాకిడినే పరిశీలించారు. పొర నునుపుగా సాగుతుంటే తరంగ ప్రభావం ఎగువకు చాలా దూరం పాకుతుందని, సుడులతో నిండి ఉంటే స్వల్పదూరానికే పరిమితమవుతుందని వారి ప్రయోగాలు తేల్చాయి. గోడపక్క పొరను విస్మరిస్తే ముఖద్వారం లెక్క తప్పుతుందని ఇంజినీర్లు గ్రహించడానికి ఇటువంటి పరిశోధనలే ఆధారమయ్యాయి.

1951లో స్వదేశం చేరిన ఆయన బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో దేశపు తొలి సూపర్‌సోనిక్‌ గాలి సొరంగాన్ని నెలకొల్పారు. అనంతరం అదే సంస్థకు సంచాలకులయ్యారు. 1972 నుంచి 1984 వరకు ఇస్రోకు సారథ్యం వహించారు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 సముద్రంలో కూలినప్పుడు బాధ్యతను తానే తీసుకుని విలేకరుల ముందు నిలిచారు. 1980 జూలై 18న అది విజయవంతమైనప్పుడు మాత్రం ప్రాజెక్టు సారథి అబ్దుల్‌ కలాంను ముందుకు పంపారు.

ఆయన హయాంలోనే, 1983లో, ఇన్‌శాట్‌-1బి నింగికెగిరి వాతావరణ చిత్రాలను అందించింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్‌ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటినపుడు దాని గమనాన్ని ముందుగా పసిగట్టడానికి తోడ్పడినవి ఆ వరుసలో వచ్చిన ఉపగ్రహాలే.

2002 జనవరి 3న ధావన్‌ కన్నుమూశారు. అదే ఏడాది శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.