సముద్రము దాటిన విద్యార్థి: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

విద్యార్థులారా! మన సెంటినరీ కాలనీలో ఈ నడుమ ఒక ప్రశ్న తఱచుగా వినబడుచున్నది. గనిలో షిప్టు ముగించుకొని వచ్చిన తండ్రులును, ఇంటి ఖర్చు లెక్క చూచుకొను తల్లులును, బిడ్డను పైచదువునకు పరదేశము పంపుటకు ఏమేమి కావలయునని మమ్ము అడుగుచున్నారు. కావలసిన కాగితముల పట్టిక చెప్పుట సులభము. కాని కాగితములకంటె ముందు ఆలోచింపవలసిన సంగతులు కొన్ని గలవు. వానిని ఒక తెలుగువాని జీవితము మనకు చక్కగా బోధించును.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 వ సంవత్సరము జనవరి 12 వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి చిన్న సర్కారు ఉద్యోగి. అనారోగ్యముచే ఉద్యోగము చాలించుకొనవలసి వచ్చెను. ఇంట లేమి తాండవించుచుండెను. సుబ్బారావు బాల్యమున చదువుపై మనసు నిలుపక, కాశిలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని ఇల్లు విడిచి బయలుదేరెను. పెద్దలు పట్టి తెచ్చిరి. తల్లి వెంకమ్మగారు తన నగలను సైతము వదలుకొని కుమారుని బడికి పంపెను. అతడు మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసారులు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలునుండి నెగ్గెను. పరీక్ష తప్పిన నాడే తన కథ ముగిసినదని తలంచు బాలుడు ఈ మాటను గుర్తుంచుకొనవలెను.

తరువాత ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. అవి గాంధీ మహాత్ముని పిలుపుపై యువకులు విదేశవస్త్రములను విడిచిన దినములు. సుబ్బారావుగారు ఖద్దరు వస్త్రముతో శస్త్రచికిత్స తరగతికి వెళ్లగా, ఆ శాఖ ఆచార్యుడైన ఆంగ్లేయునకు అది నచ్చకపోయెను. తక్కిన పరీక్షలు చక్కగా వ్రాసినను, ఆయనకు ఎం. బి. బి. ఎస్. పట్టము దొరకక, దానికంటె తక్కువదగు ఎల్. ఎం. ఎస్. మాత్రమే దొరకెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకు చేసిన ప్రయత్నమును ఫలింపలేదు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడై కాలము గడపెను.

ఆయనను సముద్రము దాటించినది పట్టముపై మోజు కాదు. స్ప్రూ అను గ్రహణివ్యాధి ఆయన సోదరులనిద్దఱిని కొద్దిదినముల యెడముతో కబళించెను. తానును ఆ వ్యాధికే లోనై, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రదికెను. ఆ వ్యాధికి మూలమేమో, మందేమో కనుగొనవలెనను తపన నాటినుండి ఆయనను విడువలేదు. ఉష్ణదేశవ్యాధులను బోధించు పాఠశాల అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున గలదని తెలిసికొని అచ్చటికి దరఖాస్తు పెట్టెను.

ప్రవేశము లభించెను, విద్యార్థివేతనము లభింపలేదు. ఇచ్చటనే పెక్కుమంది ఆశ ఆగిపోవును. సుబ్బారావుగారు చేయి చాచుటకు సిగ్గుపడలేదు. రంగూనులో వర్తకము చేసి గడించిన మల్లాడి సత్యలింగం నాయకరుగారి పేర కాకినాడలో వెలసిన ధర్మసంస్థ సహాయము చేయుటకు మాట యిచ్చెను. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు మఱికొంత ధనము సమకూర్చిరి. భార్య శేషగిరిగారిని పుట్టినింట విడిచి, ఆయన ఓడ ఎక్కి, 1922 వ సంవత్సరము అక్టోబరు 26 వ తేదీన బోస్టను నగరము చేరెను.

అచ్చట ఆయన వైద్యపట్టమునకు చెల్లుబాటు లేకపోయెను. రోగులకు మందిచ్చు అధికారము లేనందున, పగలు చదువుకొని, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు ఎత్తు పని చేసి పొట్ట పోసికొనెను. డిప్లొమా ముగించి జీవరసాయనశాఖలో చేరి, ఫిస్కె అను ఆచార్యునితో కలిసి, దేహములోని భాస్వరమును కొలుచు విధానమును 1925 లో ప్రకటించెను. ఆ విధానము ప్రయోగశాలలలో ఆయన పేరను నిలిచినది. పిదప ఫాస్ఫోక్రియాటిన్, ఏ. టి. పి. అను పదార్థములు కండరములలో గలవని వారిరువురు కనుగొనిరి. పూర్వము మన గనులలో తట్ట, చెమ్మాసు పట్టి బొగ్గు ఎత్తిన కార్మికుని బాహువునకు బలమిచ్చినది ఆ పదార్థములే. 1930 లో ఆయనకు పిహెచ్. డి. పట్టము లభించెను.

హార్వర్డులో స్థిరమైన పదవి దొరకక, 1940 లో లెడర్లీ ప్రయోగశాలకు మారి పరిశోధనలకు నాయకత్వము వహించెను. అచ్చట ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేసిరి. సోదరులను మ్రింగిన స్ప్రూ వ్యాధికి అది మందులలో నొకటి. బాలలకు వచ్చు రక్తపు క్యాన్సరును మొదటిసారి తాత్కాలికముగనైన అణచిన మందును, బోదకాలు వ్యాధికి డై ఇథైల్ కార్బమజైనును ఆ ప్రయోగశాలనుండియే వెలువడెను. మన ఊళ్లలో బోదకాలు నివారణకై ఇంటింట పంచిన బిళ్లలు ఆ మందే. 1948 ఆగస్టులో, ఏబదిమూడవయేట, ఆయన నిద్రలోనే కన్నుమూసెను.

ఇంతవరకు చెప్పినది కీర్తి. చెప్పవలసిన లెక్క మఱియొకటి గలదు. ఆయనకు జన్మించిన కుమారుడు ఏడాది నిండకమునుపే చనిపోయెను. తండ్రి ఆ బిడ్డ ముఖము చూడలేదు. కొలదికాలములో తిరిగివత్తునని వెళ్లిన భర్త మఱల స్వదేశము చేరలేదు. ఆయన పేరు లోకమున వ్యాపించుచుండగా, శేషగిరిగారి జీవితము నిరీక్షణలోనే గడచెను. భారత తపాలాశాఖ 1995 లో ఆయన బొమ్మతో తపాలాబిళ్ల వెలువరించినది; ఆమెకు అట్టి గుర్తు ఏదియు లేదు. కీర్తిని వ్రాయునపుడు ఈ ఋణమును వ్రాయకుండుట న్యాయము కాదు.

కావున పరదేశము పోదలచిన విద్యార్థి మూడు లెక్కలు వేసికొనవలెను. మొదటిది, ఏల పోవుచున్నాను? పొరుగింటి పిల్లవాడు పోయెననుట సమాధానము కాదు. రెండవది, ధనమెవరిది? నేడు అమెరికా విశ్వవిద్యాలయము ఐ-20 అను పత్రము పంపుటకు ముందే, కనీసము మొదటి సంవత్సరపు ఖర్చునకు ధనము గలదని ఋజువు అడుగును. ఆ పిమ్మటనే వీసా. విద్యార్థివేతనముల గడువులు ముందుగా తెలిసికొని, ఏడాదికి పైగా వ్యవధి నుంచుకొని దరఖాస్తు పెట్టవలెను. తండ్రి పదవీవిరమణ సొమ్మును కుదువ పెట్టుట కడపటి మార్గము కావలెను. మూడవది, ఇంట ఎవరు ఎదురుచూతురు? వారికి ఏమని మాట యిచ్చితిని?

మొదటి రెండు లెక్కలను సుబ్బారావుగారు నెగ్గిరి. మూడవది ఆయనకు తేలలేదు. విద్యార్థులారా! ఆయన పట్టుదలను మీరు గైకొనుడు. ఆయనకు తేలని లెక్కను మీరు తేల్చుడు.